మౌలాలి వరసలో నిలబడిన రోజు

మౌలాలికి కోడి కూయకముందే మెలకువ వచ్చేసేది. కళ్లు తెరవకముందే గుండె దడదడ కొట్టుకునేది. గోడకు అవతల జనం అప్పుడే చేరుతున్నట్టు చప్పుళ్లు వినిపించేవి. ఒక దగ్గు, మట్టి ముంత రాయికి తగిలిన శబ్దం, బిడ్డను ఊరుకోబెడుతున్న ఎవరిదో గొంతు. ఆ చప్పుళ్లను బట్టి ఎంతమంది వచ్చి ఉంటారో అని చాప మీద పడుకునే లెక్క వేసేవాడు. ఏ రోజుకారోజు నిన్నటికంటే ఎక్కువే అనిపించేది.

రెండేళ్లుగా వాన లేదు. ఎర్రగుట్ట కింద, ఫకీర్లు ఉండే ఆ చిన్న ఖాన్‌ఖాలో నాలుగు నెలల నుంచి గంజి పోస్తున్నారు. అక్కడి పెద్ద సయ్యద్ రహమతుల్లా షా. ఊరూవాడా ఆయన్ని హజ్రత్ అనే పిలిచేవారు. కాలవ కింద ఊళ్ల నుంచి ఎవరెవరో బండ్ల మీద జొన్నలూ రాగులూ పంపేవారు. వచ్చింది వచ్చినట్టు కాచి పోయడమే పని. ఆ పనంతా ఆయన తన శిష్యుడు మౌలాలి చేతిలో పెట్టారు.

మౌలాలి దూదేకుల ఇంటి బిడ్డ. పదేళ్లుగా హజ్రత్ దగ్గరే ఉన్నాడు. ఏ పని చెప్పినా రెండోసారి చెప్పించుకున్నవాడు కాదు. మొదట్లో రెండు వందల మంది వచ్చేవారు. ఇప్పుడు తొమ్మిది వందలు దాటుతున్నారు. అతని కింద ఎనిమిది మంది పనిచేస్తున్నారు. నీళ్లు మోసేవాళ్లు, పొయ్యిలు చూసేవాళ్లు, గంజి కలిపే హుసేన్‌బీ, గరిటె పట్టి వడ్డించే కుళ్లాయప్ప.

మౌలాలి పెట్టిన కట్టడి ఒక్కటే. వరసలో ఆఖరి మనిషి ముంత నిండేదాకా పనివాళ్లలో ఎవరూ కూర్చోకూడదు, ఎవరూ నోట్లో మెతుకు పెట్టకూడదు, ఎవరి చోటు వాళ్లు వదలకూడదు.

"బయట అంతమంది ఆకలితో ఉంటే మనకు కూర్చోవడం ఏంది?" అనేవాడు. ఎవరూ ఎదురు చెప్పలేదు. చెప్పడానికి వాళ్లకూ సిగ్గేసింది.

అతను మాత్రం అందరూ తిన్నాక కూడా సరిగా తినేవాడు కాదు. గంగాళం అడుగున అంటుకున్నది గీకి రెండు ముద్దలు నోట్లో వేసుకునేవాడు. తర్వాత తర్వాత అదీ గొంతు దిగడం మానేసింది. చేతివేళ్లు సన్నగా వణికేవి. ఎవరికీ కనబడకుండా ఆ చేతుల్ని తువ్వాల కింద పెట్టుకునేవాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అతని తలలో ఒకటే మాట తిరిగేది. చాలుతుందా? ఈ రోజు చాలుతుందా?

అదే మాట పైకి వేరే రకంగా వచ్చేది.

"నీళ్లు ఇంకా రాలేదా?"

"ఆ పొయ్యి ఎందుకు మండట్లేదు?"

"కానీండి, కానీండి! వరస కదలాలి!"

హుసేన్‌బీ చేయి ఒకరోజు ఆవిరికి కమిలింది. మోచేతి దాకా బొబ్బలు లేచాయి. ఆమె పైటచెంగు తడిపి చుట్టుకుని తెడ్డు తిప్పుతూనే ఉంది. మౌలాలి మూడుసార్లు ఆమె పక్కనుంచే నడిచి వెళ్లాడు. చూడలేదు.

కుళ్లాయప్ప ఒకప్పుడు రాళ్లు కొట్టే మనిషి. పెద్ద చేతులు, పెద్ద గొంతు. అట్లాంటివాడు మూడు రోజులుగా మాట్లాడడం లేదు. గరిటె ముంచడం, పోయడం, ముంచడం, పోయడం. ఎవరి మొహంలోకీ చూడడం లేదు. మాటల్లేకపోతే పని ఇంకా త్వరగా అవుతుందిలే అనుకున్నాడు మౌలాలి.

నాలుగో రోజు ఎండ నడినెత్తికి వచ్చేవేళ వరస ఆగిపోయింది.

మౌలాలి పరుగెత్తుకుని వచ్చి చూశాడు. కుళ్లాయప్ప నిండు గరిటె పైకెత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎదురుగా ఒక ముసలాయన చిప్ప చాపి ఉన్నాడు. గరిటె వంగడం లేదు. కుళ్లాయప్ప కళ్లు ఆ చిప్ప మీదే ఉన్నాయి. పెదాలు కదులుతున్నాయి గానీ మాట రావడం లేదు.

"గంజి పొయ్యి!" అన్నాడు మౌలాలి.

చేయి కదల్లేదు.

వెనక నుంచి జనం తోసుకున్నారు. ఎవరో అయిపోయిందని అరిచారు. ఆ మాట వరస పొడుగునా పాకింది.

"చేయి పడిపోయిందా నీకు? ఇంతమంది ప్రాణాలు నీ చేతిలో ఉంటే బొమ్మలా నిలబడతావా?" అంటూ గరిటె లాక్కున్నాడు. లాక్కోవడంలో గంజి నేలపాలైంది. ముందున్న నలుగురైదుగురు గబుక్కున వంగి, మట్టితో సహా చేతులతో ఎత్తుకున్నారు. ఆ ముసలాయన కూడా వంగాడు. వంగలేక మోకాళ్ల మీద పడ్డాడు.

కుళ్లాయప్ప వెనక్కి తిరిగి, కట్టెల మోపులు పేర్చిన వైపు నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ రోజు మిగతాదంతా మౌలాలే వడ్డించాడు. గంజి ఆఖరి మనిషి దాకా వచ్చింది గానీ అతని ఒళ్లు మాత్రం నెమ్మదించలేదు.

సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక హజ్రత్ గదికి వెళ్లాడు. ఆయన చాప మీద కూర్చుని చిరిగిన బొంత కుట్టుకుంటున్నారు. మౌలాలి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"హజ్రత్, కుళ్లాయప్ప పనికి రాడు. గట్టి మనిషినొకణ్ణి చూసి పెట్టండి. ఇంకొకటి... నాకు ఏదైనా తావీజు కట్టండి. గుండె కుదురుగా ఉండడం లేదు."

హజ్రత్ సూది ఆపారు. "కుళ్లాయప్పకు ఏమైంది?"

"తెలియదు."

"అడగలేదా?"

"అడిగే తీరిక ఎక్కడిది హజ్రత్? మీరు వచ్చి ఆ వరస చూడండి ఒకసారి."

ఆయన అతని మొహంలోకి చూశారు. "నువ్వు ఎప్పుడు తిన్నావు?"

మౌలాలి చెప్పబోయాడు. గుర్తు రాలేదు. నిన్ననా? మొన్ననా? ఆ మాత్రం గుర్తు లేకపోవడానికే భయం వేసి, "తిన్నాను" అన్నాడు.

హజ్రత్ మళ్లీ కుట్టుపనిలో పడ్డారు. మౌలాలి ఇక జవాబు రాదని తెలిసి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున గంజి దించి, గేటు తెరిచే వేళకు హజ్రత్ వచ్చారు. డెబ్బై దాటిన మనిషి. కర్ర ఒక పక్కన పెట్టి, చొక్కా చేతులు పైకి మడిచి, మౌలాలి చేతిలోంచి గరిటె తీసుకున్నారు. రెండో చేత్తో ఒక ఖాళీ ముంత అతనికిచ్చారు.

"వెళ్లి వరసలో నిలబడు."

మౌలాలికి అర్థం కాలేదు. "నేనా?"

"చివర్లో."

"హజ్రత్, ఇక్కడ నేను లేకపోతే... నీళ్లు ఎప్పుడు పోయాలో, రెండో గంగాళం ఎప్పుడు దించాలో వీళ్లకు తెలియదు. అంతా తలకిందులవుతుంది."

"నిలబడు నాయనా" అన్నారు హజ్రత్. కోప్పడినట్టు లేదు. కానీ కాదనే వీలూ లేదు.

మౌలాలి తువ్వాల తలకు చుట్టుకుని బయటికి వెళ్లాడు. వరస గోడ వెంబడి సాగి, మూల తిరిగి, ఎండిపోయిన వంక దాకా ఉంది. రోజూ ఆ వరసను గేటు వైపు నుంచే చూశాడు. దాని చివర ఎక్కడుంటుందో ఆ రోజే తెలిసింది. అక్కణ్ణించి చూస్తే గంగాళం కాదు కదా, గేటు కూడా కనబడదు.

మొదటి ఘడియ అతనికి నరకంలా గడిచింది. లోపల ఏ చప్పుడైనా ఉలిక్కిపడేవాడు. ఏదో దొర్లింది, గంజి ఒలికిపోయిందా? ఎవరో కేకేశారు, హజ్రత్ పడిపోయారా? వరస కదలడం లేదు, నీళ్లు అందలేదా? రెండుసార్లు వరస విడిచి నాలుగడుగులు వేశాడు. మళ్లీ వచ్చి నిలబడ్డాడు.

అతని ముందు ఒక ముసలామె ఉంది. కళ్లకు పొర కమ్మినట్టుంది, చేయి అడ్డం పెట్టుకుని అతణ్ణి చూసింది గానీ పోల్చుకోలేదు.

"కొత్తగా వచ్చినావా అబ్బీ?"

"అవునవ్వా."

"అందుకే అట్ల కొట్టుకుంటాండావు. నిలబడు, జరుగుతాది. ఈ పొద్దు బాగుంది. ఎవురూ తోసుకోవడంల్యా."

మౌలాలి అప్పుడు గమనించాడు. నిజమే. వరస నెమ్మదిగా జరుగుతోంది గానీ ఎవరూ ఒకరి మీద ఒకరు పడడం లేదు.

"రోజూ తోసుకుంటారా?"

"తోసుకోకుండా ఎట్లుంటారు? లోపల ఒగాయన ఉండాడులే. మౌలాలి అంట. మంచోడే. మనకోసరమే పగలంతా ఉరుకుతా ఉంటాడు. కాకపోతే ఆయన మొగం చూస్తే సాలు, గంజి అయిపోయిందేమోనని గుండె జల్లుమంటాది. ముందరోళ్లకు బయమేస్తే ఎనకోళ్లు తోస్తారు. అంతే."

మౌలాలి తువ్వాల ఇంకాస్త ముందుకు లాక్కున్నాడు.

అవ్వ తనకు తానే మాట్లాడుకుంటున్నట్టు చెప్పుకుపోయింది. "గంజి పోసే ఆయన ఇంకొకడు. పేరు తెల్దు. లావుపాటి చేతులు. పోసేటప్పుడు 'తాగవ్వా, పైలం' అనేటోడు. ఇంట్లో కూడా అట్ల అనేవాళ్లు ల్యారు నాకు. నాలుగు దినాలాయె, ఆయన నోరు పెగల్లేదు. ఏమాయెనో ఏమో. పక్కన కూసోని ఎవురన్నా అడిగినారో, ల్యాదో."

వరస జరిగింది. మౌలాలి ఆమె వెనకే నడిచాడు.

గోడ మూల తిరిగాక గేటులోంచి లోపలి భాగం కనబడింది. చింతచెట్టు నీడలో హుసేన్‌బీ కూర్చుని ఉంది. నీళ్లు మోసే ఒకతను కూడా. ఇద్దరి చేతుల్లోనూ ముంతలు. వరసంతా చూస్తుండగా గంజి తాగుతున్నారు. హుసేన్‌బీ చేతికి ఎవరో ఆకుపసరు రాసి గుడ్డ కట్టారు. ఆమె చోట్లో తెడ్డు ఇంకెవరో తిప్పుతున్నారు.

ఇప్పుడు గొడవ జరుగుతుంది అనుకున్నాడు మౌలాలి. ఆకలితో ఉన్న తొమ్మిది వందల మంది ముందు కూర్చుని తాగితే ఊరుకుంటారా?

ముందెవరో ఒకతను గొంతెత్తాడు. "మేమిక్కడ నిలబడి ఉంటే వాళ్లు తాగుతాండారే!"

అతని పక్కనున్న ఆడమనిషి, చంకలో బిడ్డతో, అతని వైపు తిరిగింది. "తాగనీయన్నా. ఆ యమ్మ నాలుగు నెలలుగా పొగలో ఉంది. ఆ యమ్మ పడిపోతే రేపు నీకెవరు కాస్తారు?"

వరస ఒక అడుగు జరిగింది.

మౌలాలి వంతు వచ్చేసరికి పొద్దు వాలింది. హజ్రత్ గరిటె ముంచి, అతని ముంతలో పోశారు. మిగతావాళ్లకు ఎంత పోశారో అంతే. ఒక చుక్క ఎక్కువ లేదు, తక్కువ లేదు.

"తాగు" అన్నారు.

ముంత అతని చేతుల్లో గడగడలాడింది. ఈసారి దాచుకోవడానికి తువ్వాల చేతిలో లేదు. పనివాళ్లంతా చూశారు. హజ్రత్ ముంత కింద చేయి పెట్టి, వణుకు తగ్గేదాకా పట్టుకున్నారు.

మౌలాలి ఒక గుక్క తాగాడు. వేడి గొంతులో దిగుతుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. రెండో గుక్క తాగలేదు. ముంత పట్టుకుని కట్టెల మోపుల వెనక్కి వెళ్లాడు.

కుళ్లాయప్ప అక్కడే ఉన్నాడు. ఇంకెక్కడికి పోవాలో తెలియక పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు. మౌలాలిని చూసి లేవబోయాడు.

"కూర్చో" అని మౌలాలి పక్కన చతికిలబడ్డాడు. ఇన్ని నెలలు ఒకే పొయ్యి దగ్గర నిలబడ్డారు, అయినా అతనితో పని గురించి తప్ప ఇంకేదీ మాట్లాడిన గుర్తు లేదు.

"ఏమైంది కుళ్లాయప్పా?"

మౌలాలి మళ్లీ అడగలేదు. లేచి పోలేదు. ముందు వైపు నుంచి గరిటె గంగాళం అడుగు గీకుతున్న చప్పుడు వినబడింది. లేవాలని మోకాళ్లు తహతహలాడాయి. లేవలేదు.

"నాలుగు దినాల కిందట ఒకాయన వచ్చినాడన్నా" అన్నాడు కుళ్లాయప్ప. గొంతు బొంగురుపోయి ఉంది. "నడిచి వచ్చినట్టుండాడు, చానా దూరం. పోసినాను. పోయి గోడకానుకుని కూసున్నాడు. ముంత ఎత్తుకోలేకపోయినాడు. నేను చూస్తానే ఉండాను. పోయి పట్టుకుని తాగిద్దామనుకున్నా. పదడుగులు. పదడుగులే అన్నా. వరస ఉంది కదా. చోటు వదలొద్దంటివి. ఒక యాభై మందికి పోసి మళ్లా తిరిగి చూసినా. ముంత నిండుగా అట్లే ఉంది. ఆయన లేడు."

మౌలాలికి ఆ శవాన్ని తీసుకుపోతున్నప్పుడు గేటు దగ్గర తను నిలబడి, దారి ఇవ్వండని అరవడం గుర్తొచ్చింది. ఆ ముంతలో గంజి ఎవరు తాగారో కూడా చూడలేదు.

"అన్నాను" అన్నాడు. "వదలొద్దని నేనే అన్నాను."

ఆ మాట తర్వాత ఇంకొకటి చెప్పాలనుకున్నాడు. తప్పు నీది కాదని, దేవుడి రాత అని, ఏదో ఒకటి. ముంత అతని వైపు జరిపాడు. కుళ్లాయప్ప దాన్ని చూశాడు. ఆ పెద్ద భుజాలు ఒక్కసారిగా కదిలిపోయాయి. ఏడుపు కడుపులోంచి వచ్చింది, చప్పుడుతో సహా. మౌలాలి అతని వీపు మీద చేయి వేసి కూర్చున్నాడు. ఆ చేయి వణుకుతూనే ఉంది. వణుకుతున్న చేయే వేశాడు.

గంజి చల్లారిపోయింది. చెరి సగం తాగారు.

వాళ్లు ముందుకు వచ్చేసరికి గంగాళాలు రెండూ బోర్లించి ఉన్నాయి. మౌలాలి తర్వాత కూడా జనం వస్తూనే ఉన్నారట. గేటు దగ్గర పదకొండు మంది ఖాళీ ముంతలతో మిగిలిపోయారు. నాలుగు నెలలుగా అతను దేనికి భయపడ్డాడో అదే జరిగింది.

హజ్రత్ ఆ పదకొండు మంది మధ్యన నేల మీద కూర్చుని ఉన్నారు. ఒకామె గట్టిగా తిడుతోంది. ఆయన తలవంచుకుని వింటున్నారు. ఆమె అలిసిపోయేదాకా విన్నారు. తర్వాత నీళ్లు తెప్పించి ఒక్కొక్కరికీ ఇచ్చారు. ఖాన్‌ఖా వాళ్ల కోసం దాచిన గుప్పెడు వేరుశనగలుంటే పంచారు. రేపు పొద్దున మొదటి గరిటె మీకేనని చెప్పి, వాళ్లను వసారాలోనే పడుకోమన్నారు.

మౌలాలి ఆయన పక్కకు వెళ్లాడు. "హజ్రత్, రేపు కూడా చాలకపోతే?"

"చాలకపోవచ్చు."

"అప్పుడేం చేయాలి?"

"అయిపోయిందని చెప్పాలి" అన్నారు హజ్రత్. కర్ర అందుకుని, అతని భుజం పట్టుకుని మెల్లగా లేచారు. "చెప్పడానికి మనిషి నిలబడి ఉండాలి కదా."

మర్నాటి నుంచి పనివాళ్లు వంతులవారీగా కూర్చున్నారు. ఎవరి తర్వాత ఎవరో మౌలాలే చెప్పాడు. మొదటిరోజు తన పేరు చెప్పడం మరిచిపోయాడు. హుసేన్‌బీ తెడ్డు ఆపి, "నీదెప్పుడన్నా?" అని అడిగింది. అతను తడబడ్డాడు. "నీ తర్వాత" అన్నాడు. ఆమె తాగడం అయ్యాక, ముంత కడిగి తెచ్చి అతని చేతిలో పెట్టింది.

కుళ్లాయప్ప మళ్లీ గరిటె పట్టలేదు. మూడు రోజులు చింతచెట్టు కింద ఊరికే కూర్చున్నాడు. పని లేకుండా కూర్చున్నావేమని ఎవరూ అడగలేదు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి మౌలాలి వెళ్లి పక్కన కూర్చునేవాడు. ఒక్కోసారి మాటలుండేవి, ఒక్కోసారి ఉండేవి కావు. నాలుగో రోజు ఒక ముసలామె ముంత పట్టుకుని గోడ దగ్గర కూలబడితే కుళ్లాయప్ప తనంతట తానే లేచాడు. ఆ ముంత పట్టుకుని, తల కింద చేయి పెట్టి, గుక్క గుక్కగా తాగించాడు. ఆ రోజు నుంచి గోడ దగ్గర అదే అతని పని అయింది. వరస ఆగినా ఫరవాలేదు, ఎవరైనా పడిపోతే ముందు అక్కడికే పొమ్మని మౌలాలి అందరికీ చెప్పాడు.

కరువు మాత్రం తగ్గలేదు. వరసా తగ్గలేదు. కొన్ని రోజులు చాలింది, కొన్ని రోజులు చాలలేదు.

ఒక సాయంత్రం మౌలాలి హజ్రత్ గదికి వెళ్లాడు. ఎప్పట్లాగే గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆయన తలెత్తి చూసి, "ఏం కావాలి?" అన్నారు.

"ఏమీ వద్దు హజ్రత్. పొద్దున్నే లేవగానే ఇప్పటికీ భయం వేస్తోంది."

"వేస్తుంది" అన్నారు హజ్రత్.

"ఇది పోదా?"

ఆయన చాప మీద కొంచెం పక్కకు జరిగి చోటిచ్చారు.

"రా. కూర్చుని చెప్పు."